తూకం కోసం చెడగొట్టిన నిద్ర

రియాద్ శివార్లలోని సులైలో మా స్టోరు షట్టరు నేలకు పూర్తిగా ఆనేది కాదు. ఎడమ మూల గడప సిమెంటు పగిలిపోయి, నాలుగు వేళ్ళు దూరేంత సందు ఉండేది. హెల్పరుగా చేరిన కొత్తలో ఆ సందు చూసి, ఒక తట్ట సిమెంటు కలిపి పూడ్చేద్దామా అని స్టోర్‌కీపరును అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, "అది తలుపు" అన్నాడు. ఇంత పెద్ద షట్టరు ఉండగా అది ఎవరికి తలుపో నాకు అర్థం కాలేదు. పొద్దు వాలాక అర్థమైంది. కొబ్బరికాయంత జంతువొకటి పైపులు పేర్చే ఇనుప రాకు కిందనుంచి వచ్చి, నా కాళ్ళ పక్కగా నడిచి, ఆ సందులోంచి బయటికి పోయింది. ఒళ్ళంతా ముళ్ళు. ముఖం నల్లగా ఉంది. నుదుటి మీద తెల్లటి పట్టీ, పెద్ద పెద్ద చెవులు. అరబ్బీలో దాన్ని గున్‌ఫుద్ అంటారని స్టోర్‌కీపరు చెప్పాడు. మా ఊరి వైపు నేను దాన్ని చూడలేదు, దానికి పేరూ వినలేదు. మనసులో ముళ్ళెలుక అనుకున్నాను. ఇక్కడా అలాగే రాస్తాను.

ఆ స్టోర్‌కీపరు యెమెన్ మనిషి. గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. నీళ్ళ పైపులు, డ్రైనేజీ పనులు చేసే మా కంపెనీ మొదలైననాటి నుంచీ ఆ స్టోరు ఆయనదే. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఆయన్ని చాచా అని పిలిచేవాడు, దాంతో మా అందరికీ చాచా అయిపోయాడు. ఆయన నన్ను మాత్రం "యా హిసాబ్" అనేవాడు. లెక్క అని అర్థం. దానికి కారణం నట్లు.

నేను ఏడో తరగతి దాటలేదు. కానీ అంకెలంటే చిన్నప్పటినుంచీ ఒక ఆకలి. గుణకారాలు, భాగహారాలు, వైశాల్యాలు, వడ్డీలు అన్నీ బడి మానేశాకే, నాకు నేనుగా నేర్చుకున్నాను. చాచా నట్ల బస్తా వస్తే నేల మీద పోసి, అయిదేసి చొప్పున చేత్తో లెక్కపెట్టేవాడు. సగం పూట పోయేది. నేను పది నట్లు తరాజులో వేసి తూచి, తరవాత బస్తా తూచి, భాగించి ఎన్ని ఉన్నాయో చెప్పేశాను. ఆయన నమ్మక చేత్తో లెక్కపెట్టాడు. సరిపోయింది. గట్టిగా నవ్వి, ఆ పూట తన కెటిల్‌లో టీ కాచి నాకు మొదటి గ్లాసు ఇచ్చాడు. ఆ తరవాత కూడా చేత్తో లెక్కపెట్టడం మానలేదు. ఎందుకని అడిగితే, ఒకసారి బస్తా అడుగునుంచి మర వేరుగా ఉన్న నట్లు తీసి చూపించాడు. బరువు అంతే, పైపుకు మాత్రం ఎక్కవు. "తరాజు ఎన్ని ఉన్నాయో చెప్తుంది, ఏవి ఉన్నాయో చెప్పదు" అన్నాడు. నేను నవ్వాను. ముసలాయన ఓటమి ఒప్పుకోలేక ఏదో అంటున్నాడనుకున్నాను.

మా స్టోరుకు సామాను చెక్క ప్యాలెట్ల మీద వచ్చేది. చెక్కల మధ్య పురుగులు, తేళ్ళు వచ్చేవి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పైపు ఫిట్టరు ఒకడు మాతోనే ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. ఒక వేసవిలో ప్యాలెట్ ఎత్తబోతే తేలు కుట్టి, అతని చెయ్యి మోచేతిదాకా వాచింది. అప్పటినుంచి ముళ్ళెలుక అంటే అతనికి గౌరవం. అది తేలును తినడం మేమిద్దరం దగ్గరనుంచి చూశాం. ముందు తోక కొండిని కొరికి పారేసింది. తరవాత తక్కినదాన్ని అప్పడం నమిలినట్టు చప్పుడు చేస్తూ నమిలింది. పేడపురుగులు, చీమలు, జెర్రులు, ఏదైనా సరే. మేము వేసిన అన్నం మాత్రం వాసన చూసి వదిలేసేది.

"గిది ఏదుపంది పిల్లనే అన్నా" అన్నాడు ఫిట్టరు. "మా దిక్కు గుట్టల మస్తుంటయ్. పెరిగినంక సూడు, మేకపిల్లంత అయితది."

డ్రైవరు లారీ మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. "అది మేకపిల్లంత అయ్యేదాకా నీ ఇఖామా కార్డుకు గడువు ఉంటదా మరి?"

"రెన్యూవల్ చేపిచ్చుకుంట భాయ్. కూర మాత్రం నీకు పెట్ట."

"మాకొద్దులే. ముల్లు గొంతుల ఇరుక్కుంటే మళ్ళ నిన్ను దవాఖానాకు నేనే తీస్కపోవాలె."

అది పెరిగింది లేదు. పెద్దదైనా అంతే ఉంటుంది. ఫిట్టరు మాత్రం ఏడాది పొడుగునా ఎదురుచూశాడు.

ముట్టుకోబోతే అది బంతిలా చుట్టుకుని, కుక్కరు ఆవిరి వదిలినట్టు బుసకొట్టేది. చెయ్యి ఇంకా దగ్గరికి వస్తే ఉన్నచోటే పైకి ఎగిరి పొడిచేది. వీధి కుక్క ఒకటి మూతి పెట్టి, కుయ్యిమంటూ పారిపోవడం నేను చూశాను. ఇంకో విద్య కూడా ఉంది దానికి. ఒకనాడు ఫిట్టరు కొత్త తోలు చెప్పును పట్టుకుని నమిలి నమిలి, నోటినిండా నురగ తెచ్చుకుని, మెడ వెనక్కి తిప్పి ఆ నురగనంతా తన ముళ్ళకే పూసుకుంది. ఆ కంపు దానికేం రక్షణో నాకు తెలియదు. ఫిట్టరు ఆ చెప్పును వారం రోజులు బయటే పెట్టాడు.

అలా ఉండగా కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. మా బతుకులో మొదట మారింది ఏమీ లేదు. సామాను ధరలు పెరిగాయి, అంతే. తరవాత, యెమెన్ ఇరాక్‌ను ఖండించలేదన్న కోపంతో, యెమెన్ వాళ్ళకు రూలు మార్చారు. అప్పటిదాకా వాళ్ళకు కఫీల్, అంటే పూచీ పడే సౌదీ యజమాని, అక్కర్లేదు, అన్నదమ్ముల్లా వచ్చిపోయేవాళ్ళు. ఇప్పుడు మా అందరిలాగే వాళ్ళకూ కఫీల్ ఉండాలి, లేకపోతే దేశం వదలాలి అన్నారు. గడువు పెట్టారు. సులైలో యెమెన్ వాళ్ళ టీ కొట్లు, బకాలాలనే కిరాణా కొట్లు ఒకదాని తరవాత ఒకటి మూతపడ్డాయి.

ఆ రోజుల్లోనే మేనేజరు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. స్టోరు మొత్తం నువ్వు నడపగలవా అని అడిగాడు. నడపగలను అన్నాను.

ఈ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. అడిగిన క్షణంలో నాకు తట్టింది నట్ల బస్తాలు, రాకులు, రసీదులు. ఇవన్నీ నాకు వచ్చు, కాబట్టి వచ్చు అన్నాను. మెట్లు దిగుతుంటే రెండో ఆలోచన వచ్చింది. నేను రాదని చెప్పి ఉంటే, స్టోరు ఆగిపోతుందని భయపడి, మేనేజరు కంపెనీ యజమానితో మాట్లాడి చాచాకు కఫీల్‌గా నిలబడేలా చేసి ఉండేవాడేమో. చేసేవాడు కాదేమో. ఇది తేల్చడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు. ఒకటి మాత్రం నిజం. నా నోటినుంచి మాట వచ్చిన పది రోజుల్లోపే ఆయన పరుపు, ఫ్రిజ్, పెట్టెలు ఒక పికప్ మీద కట్టి ఉన్నాయి.

బయలుదేరేముందు చాచా స్టోరు తాళాలు నా చేతిలో పెట్టాడు. కెటిల్ ఇచ్చాడు. కుర్చీ మీద వేసుకునే పాత దిండు వదిలేశాడు. తరవాత రాకు దగ్గరికి తీసుకెళ్ళి వంగి, కింద పడుకుని ఉన్న ముళ్ళెలుకను చూపించాడు. డ్రైవరు, ఫిట్టరు కూడా అక్కడే ఉన్నారు.

"ఇది అమానత్" అన్నాడు. మళ్ళీ వచ్చేదాకా దాచమని నమ్మి అప్పగించినది అని. ఉర్దూలోనూ అదే మాట కాబట్టి ముగ్గురికీ అర్థమైంది. "తిండి అదే వెతుక్కుంటుంది, తలుపు మూయకు. చలి వచ్చాక చుట్టుకుని పడుకుంటుంది. రాయిలా అవుతుంది. చచ్చిందనుకుంటావు. చావదు. ముట్టుకోవద్దు. ఎండలు వస్తే దానంతట అదే లేస్తుంది. నేను వచ్చి చూసుకుంటాను."

సరే చాచా అన్నాను. ఆయన నా భుజం తట్టి పికప్ ఎక్కాడు. ఆయన ముఖంలో కోపం వెతికాను. కనిపించలేదు. కనిపించి ఉంటే నాకు బాగుండేది.

మర్నాడు ఆ కుర్చీలో కూర్చున్నాను. దిండు మధ్యలో ఆయన కూర్చున్న పల్లం అలాగే ఉంది. నేను ఎటు జరిగినా ఆ పల్లంలోకే జారేవాణ్ణి. దిండు తీసి పక్కన పెట్టాను. తీసేసినందుకు మళ్ళీ ఏదోలా అనిపించి తెచ్చి వేసుకున్నాను. ఆ మనిషికి నేను తిరిగి ఇవ్వగలిగింది ఒక్కటే ఉందనిపించింది. ఆయన వచ్చేనాటికి ఆ జంతువు ప్రాణంతో ఉండాలి. కుర్చీ సంగతి నా చేతిలో లేదు, ఇది ఉంది.

చేతిలో ఉన్నదాన్ని నేను ఊరికే ఉంచలేను. తూస్తాను. అది నా స్వభావం. చలి మొదలవకముందు ఒకసారి, అది బంతిలా చుట్టుకున్నప్పుడు తోలు చేతితొడుగులతో ఎత్తి తరాజు పళ్ళెంలో పెట్టాను. రెండో పళ్ళెంలో, పైపు మలుపులకు వాడే అర అంగుళం ఇత్తడి ఎల్బోలు వేశాను. ఏడు ఎల్బోలకు తరాజు ముల్లు సరిగ్గా నిలబడింది. రాకు కంబం మీద సుద్దముక్కతో ఏడు గీతలు గీశాను. వచ్చినప్పుడు చాచాకు చూపించి, ఇదిగో నువ్వు ఇచ్చినంతే ఉంది అని చెప్పాలని.

డిసెంబరులో చలి పడింది. రియాద్ చలి మనవైపు చలిలా కాదు, ఎముకకు తగులుతుంది. ముళ్ళెలుక ఒక మూల పడి ఉన్న పెద్ద డ్రైనేజీ పైపు ముక్కలోకి దూరి, ప్యాకింగు గడ్డి లాక్కుని పడుకుంది. వారం గడిచాక పైపులోంచి తీసి చూశాను. చల్లటి రాయి. ఫిట్టరు నా భుజం మీదుగా వంగి చూశాడు.

"సచ్చిందన్నా ఇది."

"చావదని చెప్పిండు కదా."

చెవి దగ్గర పెట్టుకున్నాను. చాలాసేపటికి ఒక చిన్న ఊపిరి వినిపించింది. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. తరాజులో పెట్టాను. ఏడు ఎల్బోలకు ఒక నట్టు తక్కువ. ఆ తూకాన్నీ కంబం మీద కింద వరుసలో గీశాను. పై వారం ఇంకో నట్టు తక్కువ. తినకుండా పడుకున్నది తగ్గకుండా ఎలా ఉంటుంది, ఆ మాత్రం ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ సుద్దగీతలు చూస్తుంటే నిద్ర పట్టేది కాదు. ఎప్పటికి ఎంతవుతుందో తెలుసుకోవాలనిపించి వారానికి రెండుసార్లు తూచడం మొదలుపెట్టాను. నేను ఎత్తిన ప్రతిసారీ, నా అరచేతుల వేడికి అది కాస్త కదిలి, సన్నగా వణికేది. బతికే ఉందని నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు వారానికి రెండు నట్లు తగ్గుతోంది, ఆ తరవాత మూడు. నాలుగు ఎల్బోలకంటే తక్కువైతే తోలూ ముళ్ళే మిగులుతాయని నాకు నేనే ఒక హద్దు పెట్టుకున్నాను. ఆ గీతలన్నిటినీ ఒక వరుసలో పొడిగించి చూస్తే ఎండలు వచ్చేలోపే హద్దు దాటుతోంది.

"చాచా ఏమన్నడు భాయ్? ముట్టద్దన్నడు" అన్నాడు డ్రైవరు ఒకరోజు, నేను ఎల్బోలు వేస్తుంటే.

"ఆయన లెక్క చూడలే. చూస్తే ఆయనే లేపుతుండె."

"ఆయన ఇన్నేండ్లు దాన్ని పండవెట్టిండు. నువ్వు ఆ కుర్చీలకొచ్చి రెండు నెలలాయె, ఆయనకు లెక్క నేర్పుతున్నవ్."

ఫిట్టరు పక్కనుంచి అందుకున్నాడు. "మన అన్నను పెద్దపులి ఎదురుగ నిలవెట్టినా, ముందుగాల అది ఎన్ని కిలోలుంటదని అడుగుతడు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ ఒక నట్టు తీశాను.

జనవరిలో యుద్ధం మొదలైంది. రియాద్ మీద క్షిపణులు పడడం మొదలయ్యాక సైరన్లు మోగేవి. విషవాయువు వదులుతారని అందరి భయం. ముసుగులు ఆఫీసు వాళ్ళదాకా వచ్చాయి, మాకు తడి తువ్వాళ్ళు పెట్టుకోమన్నారు. డ్రైవరు ఎక్కడినుంచో టేపు చుట్టలు, ప్లాస్టిక్ కాగితం తెచ్చాడు. క్యాంపు గదికి కిటికీలు ఎక్కువ కాబట్టి, స్టోరు లోపలున్న నా చిన్న ఆఫీసు గదిలో ముగ్గురం పడుకోవాలనుకున్నాం. గది అంచులన్నీ టేపు వేశాం. షట్టరు పక్క సందులో తడి గోనె కుక్కి, పైనుంచి ప్లాస్టిక్ అంటించాం. ఆ పని నా చేతులతో నేనే చేశాను. మూయవద్దన్న తలుపు అదేనని, టేపు ఆఖరి ముక్క నొక్కుతున్నప్పుడు గుర్తొచ్చింది. నిద్రపోయేదానికి తలుపుతో ఏం పని అని సర్దిచెప్పుకున్నాను.

వాళ్ళిద్దరూ నన్నో లెక్క అడిగారు. మనమీద పడుతుందా? నగరం ఎంత వెడల్పో, మా గది ఎంతో, రోజుకు ఎన్ని వస్తున్నాయో చెప్పి, రోడ్డు మీద డ్రైవరు నడిపే లారీయే మనకు ఎక్కువ ప్రమాదం అన్నాను. ఫిట్టరు పడీపడీ నవ్వాడు. ఆ లెక్క తప్పు కాదు, ధైర్యమూ ఇచ్చింది. అందుకే నా రెండో లెక్క మీద కూడా నాకు నమ్మకం పెరిగింది.

విషవాయువు వస్తే బయట స్టోరులో ఉన్నది ముందు పోతుంది. అందుకని పైపు ముక్కలోంచి ముళ్ళెలుకను తీసి, గడ్డి వేసిన అట్టపెట్టెలో పెట్టి గదిలోకి తెచ్చాను. గదిలో హీటరు ఉంది. పొద్దున లేచి చూసేసరికి పెట్టెలో కదలిక. ఒళ్ళంతా వణుకుతూ, తాగినవాడిలా తూలుతూ అది పెట్టెలో తిరుగుతోంది. ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టాను. తిన్నది. డబ్బా చేప పెట్టాను. కొంచెం తిన్నది. తూచాను. రెండు నట్లు పెరిగింది. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ సుద్దగీతను మిగతావాటికంటే లావుగా గీశాను.

పగలు వాళ్ళు సైట్లకు, నేను బయట రాకుల దగ్గరికి పోయేవాళ్ళం, హీటరు ఆపేవాళ్ళం. గది చల్లబడేది. అది మళ్ళీ చుట్టుకునేది. సాయంత్రం మేము వచ్చి హీటరు పెడితే మళ్ళీ వణుకుతూ లేచేది. నేను గుడ్డు పెట్టేవాణ్ణి. కొన్ని రోజులు తిన్నది, కొన్ని రోజులు వాసన చూసి వదిలేసింది. తిన్నదానికి తగ్గట్టు బరువు పెరగాలి. పెరగలేదు. ఒక ఎల్బో మొత్తం తీసేయాల్సి వచ్చింది, ఆ తరవాత ఇంకొకటి. తిండి చాలక అనుకున్నాను. అందుకని హీటరు పొద్దున కూడా కొంచెంసేపు పెట్టి, రెండుసార్లు లేపి తినిపించడం మొదలుపెట్టాను.

"ఎందుకన్నా దాన్ని లేపుతవ్? పండనియ్యరాదె" అన్నాడు ఫిట్టరు. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు. "మనల్ని గా సైరన్ పండనిస్తలేదు, దాన్ని నువ్వు పండనిస్తలేవు."

నేను గుడ్డు పొట్టు తీస్తూ ఉన్నాను.

యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పిన వారంలోనే, ఒక పొద్దున పెట్టె మూత తీశాను. అది చుట్టుకుని లేదు. పక్కకు ఒరిగి, కాళ్ళు చాపుకుని, పొట్ట పైకి పెట్టుకుని ఉంది. అంతకాలంలో దాని పొట్ట నేను చూడలేదు. తెల్లటి మెత్తని బొచ్చు. ఎవరు దగ్గరికి వచ్చినా మూసుకునేది, అలా విప్పుకుని పడి ఉంది. చెవి దగ్గర పెట్టి వినాల్సిన అవసరం లేదని తెలిసి కూడా పెట్టుకున్నాను.

ఫిట్టరు ప్రహరీ గోడ పక్కన గుంత తవ్వాడు. డ్రైవరు నా చేతిలోంచి అట్టపెట్టె తీసుకున్నాడు. "నువ్వు చంపాలని చేసినవా భాయ్" అన్నాడు మెల్లగా. ఓదార్చడానికే అన్నాడు.

ఆ మధ్యాహ్నం రాకు కంబం ముందు నిలబడి సుద్దగీతలు మొదటినుంచీ చదివాను. అన్నీ నేను గీసినవే, రోజూ చూస్తున్నవే. దాన్ని వారానికోసారి కదిలించినప్పుడు వారానికి ఒక నట్టు పోయింది. రెండుసార్లు కదిలించినప్పుడు రెండూ మూడూ. రోజూ లేపినప్పుడు ఎల్బోలకు ఎల్బోలే పోయాయి. లేవడానికే, వణికి వణికి ఒళ్ళు వేడి చేసుకోవడానికే అది తన కొవ్వంతా ఖర్చుపెట్టింది. నేను తూచకుండా ఉంటే అంతగా తగ్గేది కాదు. తగ్గుతోందని తూచాను. ఒక్కసారి ఈ గీతలను నేను పక్కపక్కన పెట్టి చూసినా తెలిసేది. చూసేవాడికి తెలియాలంటే, తప్పు ఎక్కడుందో అనే అనుమానం తన వైపూ పోవాలి. నాకు పోలేదు. తడిగుడ్డతో కంబం తుడిచాను. సుద్ద పోయింది. తుడిచిన మేర కంబం మిగతాదానికంటే శుభ్రంగా, వేరుగా కనిపించేది.

గోనె తీసేసి సందు తెరిచాను. రెండేళ్ళకు ఇంకో ముళ్ళెలుక అటునుంచి లోపలికి వచ్చింది. నేను పిలవలేదు. తిండి పెట్టలేదు. చేతితొడుగులు కూడా దాని దరిదాపుల్లోకి తేలేదు. చలికాలం వచ్చేసరికి అదే పైపు ముక్క వెతుక్కుని అందులో పడుకుంది. ఎండలు రాగానే లేచింది.

మరి కొన్నేళ్ళకు యెమెన్ వాళ్ళు కఫీల్ మీద మళ్ళీ రావడం మొదలైంది. ఒక జనవరిలో డ్రైవరు జెద్దా నుంచి ఫోన్ చేశాడు. రేవు దగ్గర ఒక గోదాములో చాచా కనిపించాడని, అక్కడే పని చేస్తున్నాడని, సెలవు దొరికితే తన లారీలో రియాద్ వస్తానన్నాడని చెప్పాడు.

"గున్‌ఫుద్‌ను అడిగిండు భాయ్. ఉన్నదన్న" అన్నాడు డ్రైవరు.

"ఉన్నదని ఎట్ల చెప్పినవ్?"

"ఉన్నది కదా ఒకటి. అదీ ఇదీ ఏం తేడా? ముసలాయన ఖుష్ అయితడు, పోతడు. నువ్వు నోరు తెరవకు."

ఆలోచించాను. తేడా ఎవరికీ తెలియదు, నిజమే. ముల్లుకు ముల్లు, పట్టీకి పట్టీ. తరాజులో పెట్టినా ఏడు ఎల్బోలే తూగవచ్చు.

వాళ్ళు మధ్యాహ్నం వేళ వచ్చారు. చాచా గడ్డం గోరింటాకు లేకుండా తెల్లగా ఉంది. మనిషి సగమయ్యాడు. నేను లేచి కుర్చీ చూపించాను. ఆయన దాని వంక చూసి, దిండు ఇంకా ఉందా అని నవ్వి, హెల్పర్లు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒకప్పుడు నేను కూర్చున్న స్టూలు అది. ఆయన కెటిల్‌లోనే టీ కాచి ఇచ్చాను. ఫిట్టరు అప్పటికే ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్ళిపోయాడని, వెళ్ళేదాకా ఏదుపంది కూర కోసం ఎదురుచూశాడని చెప్తే చాలాసేపు నవ్వాడు. తరవాత, "నా అమానత్ ఎక్కడ?" అన్నాడు.

షట్టరు వైపున్న పైపు ముక్క చూపించాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూశాడు. చెయ్యి పెట్టలేదు. "మాషా అల్లా, లావయింది" అన్నాడు.

డ్రైవరు నా వైపు చూసి కళ్ళతోనే వద్దన్నాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అయిపోయేది.

"అది నీది కాదు చాచా" అన్నాను. "నీది ఆ చలికాలమే పోయింది. యుద్ధం అప్పుడు. నేను లేపాను."

ఆయన నేల మీదనుంచి లేవలేదు. "ఎందుకు లేపావు?"

"బరువు తగ్గుతోందని."

ఆయన తరాజు వైపు చూశాడు, తరవాత నా వైపు. "తగ్గడానికే కదా అది శరత్కాలమంతా తిన్నది" అన్నాడు. కోప్పడినట్టు లేదు. అడిగినట్టు ఉంది.

నాకు తెలిసిన అరబ్బీ అంతా అక్కడితో అయిపోయింది. అయినా రెండోది కూడా చెప్పేశాను. మేనేజరు అడిగినప్పుడు నడపగలనని నేనన్నానని. రాదని చెప్పి ఉంటే నువ్వు ఉండేవాడివేమోనని. అందుకే ఆ జంతువునైనా కాపాడి ఇవ్వాలని అంత పట్టుపట్టానని.

చాచా అర్థం కానట్టు చూశాడు. "నిన్ను అడగమని మేనేజరుతో చెప్పింది నేనే" అన్నాడు. "కఫీల్ దొరకదని ఆయన ముందే చెప్పేశాడు. ఎవరు చూసుకుంటారు అని అడిగాడు. హిసాబ్ ఉన్నాడు, జాగ్రత్త గలవాడు, దేన్నీ పాడుచెయ్యడు అన్నాను."

డ్రైవరు టీ గ్లాసులు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను మోస్తున్న రెండు తప్పుల్లో ఒకటి నాది కాదని తేలింది. ఆ లేని తప్పు తీర్చుకోవడానికే ఉన్న తప్పు చేశాను. ఒకటి తీసేస్తే మిగిలినది తేలికవ్వాలి. కాలేదు.

చాచా పైపు మీద చెయ్యి వేసి చూశాడు. షట్టరు సగం ఎత్తి ఉన్నందున మధ్యాహ్నపు ఎండ జారి వచ్చి పైపు ఒక కొసను తాకుతోంది. పొద్దున షట్టరు ఎత్తింది నేనే. ఎండ అక్కడిదాకా వస్తోందని నేను గమనించలేదు.

"ఇక్కడ వెచ్చబడుతోంది. ఇలా ఉంటే ఇది కూడా లేస్తుంది" అన్నాడు. "ఆ కొస పట్టుకో. వంచకు."

నేను ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకున్నాం. లోపల గడ్డి కూడా కదలకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ రాకు వెనక నీడలోకి మోశాం. నా చేతులు అలవాటుగా బరువు అంచనా కట్టబోయాయి. పైపు ఇంత, గడ్డి ఇంత, లోపలిది ఇంత అని. అంకె వచ్చేలోపే మెల్లగా కిందికి దించాం.

"ఎండాకాలందాకా దీన్ని ఎవరూ జరపకూడదు" అన్నాడు చాచా.

జరపను అన్నాను. ఆయన వెళ్ళాక, పైపు ఉన్నవైపు రాకులో ఉన్న సామానంతా ఇంకో రాకుకు మార్చుకున్నాను. ఆ చలికాలమంతా అటు పోవాల్సిన పని లేకుండా చూసుకున్నాను.